ఐదో ప్రశ్న

మొదటిసారి ఆ ప్రవేశ పరీక్ష రాసినప్పుడు నాకు లాజిక్‌లో పదికి సున్నా వచ్చింది. అర కాదు, పావు కాదు, నిఖార్సయిన సున్నా. ఒక్కో ప్రశ్నకి నాలుగు జవాబులిచ్చి ఒకటి ఎంచుకోమంటారు కాబట్టి, కళ్ళు మూసుకుని గుర్తులు పెట్టుకుంటూ పోయినా రెండో మూడో తగలాలి. ఒక్కటి కూడా తగలకుండా తప్పించుకోవాలంటే దానికీ ఒక ప్రతిభ ఉండాలని నిచ్చెన అంది. మిగతా లెక్కలన్నీ బాగానే చేశాను. నాలుగంటే నాలుగు మార్కుల్లో సీటు పోయింది.

నిచ్చెన అంటే మా పైవాటాలో ఉండే అమ్మాయి. నా ఈడుదే. స్టూలు ఎక్కకుండానే పైకప్పు మూలల్లో బూజు దులపగలదు కాబట్టి ఆ పేరు. దానికీ ఆ ఏడు సీటు రాలేదు. ప్రభుత్వ కాలేజీలో కంప్యూటర్ కోర్సు అది, మూడేళ్ళు చదివితే ఉద్యోగం చేతిలో ఉన్నట్టే. పరీక్ష ఏడాదికి ఒక్కసారి, ఎండాకాలం చివర్లో. మరుసటి ఎండాకాలం మొదట్లో, ఇద్దరం మళ్ళీ రాస్తామని ఇళ్ళల్లో చెప్పాం.

అమ్మ ఆసుపత్రి కుట్టుగదిలో పనిచేసేది. వార్డులకి దుప్పట్లు, కిటికీలకి తెరలు, డాక్టర్లకి గౌన్లు కుట్టడం ఆవిడ పని. నేను మళ్ళీ రాస్తానంటే ఇంట్లో తన మిషను ఆపకుండానే సరేనంది.

"ఈ ఎండాకాలం ఒక్కటే కానీ. ఈసారి కూడా రాకపోతే నా పక్క మిషను ఖాళీగానే ఉంది. సూపరింటెండెంటుతో మాట్లాడేశాను."

ఆ మాట కోపంగా అని ఉంటే బాగుండేది, నేనూ ఎదురు మాట్లాడేదాన్ని. అమ్మ ఎంతో జాలిగా అంది. నా బుర్రకి చదువు ఎక్కదని ఆవిడ ఎప్పుడో తీర్మానించేసుకుంది. నిజం చెప్పొద్దూ, నాకూ అదే అనుమానం. సీటు సంగతి తర్వాత, నాకు బుర్ర ఉందా లేదా అన్నది ఆ ఎండాకాలం తేల్చుకోవాలనుకున్నాను.

అప్పుడు బాబాయి కల్పించుకున్నాడు.

బాబాయి నాన్న తమ్ముడు. నాన్న పోయాక మాతోనే ఉండిపోయాడు. అచ్చాఫీసులో కంపోజిటర్. సీసం అక్షరాలు గళ్ళ పెట్టెలోంచి ఒక్కొక్కటే ఏరి, వరుసలు పేర్చి, పేజీ కూర్చడం ఆయన పని. ఆ అక్షరాలన్నీ అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంటాయి. ఆయన తిన్నగా ఉన్న పేపరు కన్నా తిరగబడిన పేజీనే గబగబా చదివేవాడు. చదువు మాత్రం పదో తరగతి దగ్గర ఆగింది.

"లాజిక్ నాకొదిలెయ్ తల్లీ," అన్నాడు.

"నీకేం తెలుసు బాబాయ్ లాజిక్కు?"

"నాకు తెలియడం దేనికి? నాకర్థమయ్యేలా నువ్వు చెప్పగలిగితే నీకొచ్చినట్టే. నాకన్నా మొద్దు నీకెక్కడ దొరుకుతాడు?"

వాళ్ళ అచ్చాఫీసులో ఒక ప్రొఫెసరుగారి పుస్తకం అచ్చవుతోందట. అంతా లాజిక్కేనట. ఆ పేజీలు బాబాయే కూరుస్తున్నాడట. నాలుగైదు రోజులకో ప్రశ్న పట్టుకొస్తానన్నాడు. పుస్తకం ఇంకా బజారులోకి రాలేదు కాబట్టి సంగతి బయటికి పొక్కితే తన ఉద్యోగం ఊడుతుందన్నాడు.

"నిచ్చెనకి చూపించనా?"

"ఎవ్వరికీ వద్దు. నీకూ నాకూ మధ్యనే ఉండాలి."

నేను సరేనన్నాను. వాళ్ళ గేటు దగ్గర తనిఖీ ఉంటుంది, కాగితం ముక్క కూడా బయటికి రానివ్వరు. అందుకని ప్రశ్నని తలలో పెట్టుకుని వచ్చేవాడు. అది ఆయనకో లెక్క కాదు. వరుసని ఒకసారి చూసి, మళ్ళీ చూడకుండా చేత్తో అక్షరాలు ఏరడమే కదా ఆయన చేసే పని. అర్థం తెలియకపోయినా ఆకారం మరిచిపోయేవాడు కాదు. నా చిన్నప్పటి పలక అటక మీంచి దింపి, సాయంత్రం టీ తాగాక దాని మీద రాసేవాడు. అప్పుడప్పుడు చెయ్యి అలవాటుకొద్దీ అక్షరాన్ని తిరగేసి రాసి, తనే నాలిక్కరుచుకుని చెరిపేసేవాడు. ప్రశ్న అయిపోగానే పలకని తడిగుడ్డతో రెండుసార్లు తుడిచేవాడు.

అంతకుముందు వారం పదిరోజులు నేను లైబ్రరీ పుస్తకంతో కుస్తీ పట్టాను. నిజమో అబద్ధమో తేల్చి చెప్పగలిగే వాక్యాన్ని ప్రవచనం అంటారని, రెండింటిని 'అయితే' అని ముడివేస్తే దాన్ని అనుషంగికం అంటారని అందులో ఉంది. ఆ పేరు వింటేనే నాకు ఒళ్ళు వేడెక్కేది. బాబాయికి ఆ పేర్లేవీ పట్టలేదు. ఆయనకి గుర్తులే తెలుసు. వాక్యం ముందు వంకర గీత ఉంటే 'కాదు' అని అర్థం. దాన్ని ఆయన పాము గీత అనేవాడు.

మొదటి ప్రశ్న దీపం గురించి. 'దీపం వెలుగుతుంటే గదిలో మనుషులున్నారు. ఇది నిజమైతే కింది వాటిలో ఏది తప్పక నిజం?'

"దీపం లేకపోతే మనుషులు లేరు. అంతేగా?" అన్నాడు బాబాయి.

"ఎలా అంతే? చీకట్లో కూర్చోరా మనుషులు?"

"చీకట్లో ఏం పని వాళ్ళకి?"

"ఏదో ఒకటి. నిద్రపోతున్నారనుకో. దీపం ఉంటే మనుషులు ఉంటారన్నారు గానీ, మనుషులుంటే దీపం ఉండి తీరాలని అనలేదుగా. మనుషులు లేరంటే మాత్రం దీపం లేదనే. ఉండుంటే వాళ్ళూ ఉండాలి కదా."

అని ఆగిపోయాను. నా నోటివెంట వచ్చిన మాట నాకే కొత్తగా వినిపించింది. నిరుడు ఏడాదంతా బట్టీపట్టినా రానిది, బాబాయితో వాదం పెట్టుకుంటే వచ్చేసింది.

రెండో ప్రశ్నకి నాలుగు వరుసల పట్టిక గీశాం. 'వాన పడితే ఆట ఆగుతుంది' అన్న మాట ఎప్పుడు నిజం, ఎప్పుడు అబద్ధం అని. వాన పడని వరుసలు రెంటిలోనూ మాట నిజమనే రాయాలంటే బాబాయి ససేమిరా ఒప్పుకోలేదు.

"వానే పడలేదు కదే! నిజమని ఎలా రాస్తావ్?"

"పడితే సంగతి చెప్పావు నువ్వు. పడకపోతే ఏమవుతుందో చెప్పలేదు. చెప్పనిదానికి నిన్ను అబద్ధాలకోరు అని ఎలా అంటారు?"

"అంటే జరగనిదాని గురించి ఏం వాగినా చెల్లుతుందన్నమాట. ఈ చదువు ఎలక్షన్లలో నిలబడేవాళ్ళకి బాగా పనికొస్తుంది," అన్నాడు. అమ్మ కూడా నవ్వింది.

నిచ్చెన రోజూ మధ్యాహ్నం మా ఇంటికి వచ్చేది. మిగతా లెక్కలు ఇద్దరం కలిసి చేసేవాళ్ళం. దాని రాత అచ్చు గుద్దినట్టుండేది. తన నోట్సులన్నీ, అడక్కుండానే, నాకు ఇచ్చి వెళ్ళేది. జ్యామితిలో నేను ఎక్కడ తప్పటడుగు వేస్తానో నాకన్నా దానికే బాగా తెలుసు. ఒకరోజు మెట్ల మీద కూర్చుని అడిగింది.

"లాజిక్ నీకు ఎలా పట్టుబడిందే? నిరుడు నీకూ నాకూ కలిపి రెండు మార్కులు."

"లైబ్రరీ పుస్తకమే."

"అది నేనూ చదివాను. నాకు నిద్ర తప్ప ఇంకేం రాలేదు. మీ బాబాయి ఏదో చెప్తున్నాడటగా, మీ అమ్మగారు అన్నారు."

"ఆయనకేం వచ్చు? ఊరికే ఎదురుగా కూర్చుంటాడు."

అది నా మొహంలోకి ఒకసారి చూసి, పోనీలే అన్నట్టు పుస్తకం తెరిచింది. నాకు సిగ్గేసింది. అయినా బాబాయి ఉద్యోగం కన్నా ఎక్కువా అని సర్దిచెప్పుకున్నాను.

నాలుగో ప్రశ్న దగ్గర మా బండి ఆగిపోయింది. ప్రశ్న చిన్నదే. 'పీ అయితే క్యూ' అన్న మాటకి సరైన వ్యతిరేకం ఏది? బాబాయి నాలుగు జవాబులూ పలక మీద రాశాడు. ఎటు తిప్పి చూసినా నాలుగూ తప్పే. మొదటి సాయంత్రం నా లెక్కే తప్పనుకున్నాను. నాకున్న కాస్త ధైర్యమూ కారిపోయింది. ఇది మళ్ళీ నిరుటి బుర్రేనని, ఇన్నాళ్ళూ బాబాయి ముందు గొప్పలు పోయానని ఏడుపొచ్చింది. రెండో సాయంత్రం పలక పక్కన పెట్టి ఆయన్నే అడిగాను.

"నేను గిన్నెలు కడిగితే నువ్వు టీ పెడతానన్నావు. నువ్వు మాట తప్పావని నేను ఎప్పుడు అనగలను?"

"టీ పెట్టకపోతే."

"నేను గిన్నెలు కడగకుండా కూర్చుంటే?"

"అప్పుడు నేను పెట్టకపోయినా మాట తప్పినట్టు కాదు. నువ్వు కడగాలి, నేను పెట్టకుండా ఎగ్గొట్టాలి. రెండూ జరిగితేనే నన్ను పట్టుకోగలవు."

"అదే జవాబు. పీ జరగాలి, క్యూ జరక్కూడదు. ఇక్కడ అది లేదు."

"ఉంటుందిలే. అంత పెద్ద ప్రొఫెసరు తప్పు రాస్తాడా?"

"ఆయన రాయలేదేమో. మూడో జవాబు చూడు, 'పీ మరియు క్యూ' అనుంది. ఆ క్యూ ముందు పాము గీత ఒకటి ఉండాలి. నువ్వే కూర్చడం మరిచిపోయుంటావు."

బాబాయి పలక వంక చూశాడు. పెదాలు కదిలాయి, వేళ్ళు గాలిలో ఏవో ఏరాయి. తర్వాత అరచేత్తో నుదురు కొట్టుకున్నాడు.

"పాము గీతలు చాల్లేదే ఆ రోజు! పెట్టెలో ఉన్నవే డజను. అక్షరం చాలకపోతే ఏం చేస్తామంటే, ఆ చోట అక్షరం లేని బోడి ముక్క ఒకటి పెట్టి ముందుకు పోతాం, తర్వాత వచ్చి నింపుతాం. అన్నీ నింపాను, ఇదొక్కటీ వదిలేశాను. ప్రూఫు చూసినవాళ్ళిద్దరూ పట్టుకోలేదు!" అని నా తల మీద చెయ్యి వేశాడు. "నువ్వు పట్టుకున్నావు."

ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు, అంత సంతోషం. అచ్చులో తప్పు పట్టాను! మర్నాడు బాబాయి బొటనవేలికి గుడ్డ చుట్టుకుని వచ్చాడు. పెద్ద సైజు పెట్టెలోంచి ఒక పాము గీత తీసి, చిన్నవాటి మధ్య ఇమిడేలా ఆకురాయితో అరగదీస్తుంటే చెయ్యి జారిందట. అమ్మ కట్టు విప్పి, కడిగి, మళ్ళీ కట్టింది. ఆ వారం కుట్టుగదిలో అందరికీ మా అమ్మాయి పుస్తకాల్లో తప్పులు పట్టేస్తోందని చెప్పుకుందట. పక్క మిషను ఊసు మళ్ళీ ఎత్తలేదు.

తర్వాత ఆరు ప్రశ్నలూ ఆడుతూ పాడుతూ అయిపోయాయి. అంతకన్నా సంతోషంగా ఉన్న రోజులు నాకు ఇప్పటికీ గుర్తు లేవు. గాలి ఆడని ఆ ముందుగదిలో, బాబాయి గోడకి ఆనుకుని, మోకాళ్ళ మీద పలక పెట్టుకుని, కావాలనే తిక్క ప్రశ్నలు వేసేవాడు. నేను గొంతు చించుకుని సమాధానం చెప్పేదాన్ని. బస్సులో జనం మాట్లాడుకునే మాటల్లో కూడా ఎవరు ఎక్కడ తప్పుగా వాదిస్తున్నారో వినిపించేది నాకు. బుర్ర ఉందా లేదా అన్న సందేహం తీరిపోయింది. ఉంది. అది నాదే, ఎవరో పెట్టింది కాదు.

పరీక్ష ఒక పెద్ద బడి హాల్లో. నిచ్చెన నాకు రెండు వరుసల ముందు కూర్చుంది. వంగి రాసుకుంటున్నా అందరికన్నా దాని తలే పైకి కనిపిస్తోంది. లాజిక్ భాగం చివర్లో ఉంటుంది. నేను దాన్నే ముందు చేద్దామని కాగితం తిప్పాను.

దీపం, గదిలో మనుషులు.

ముందు సరదా వేసింది. ప్రొఫెసరుగారే పేపరు తయారుచేసి, తన పుస్తకంలోంచే ఒకటి ఇచ్చేశాడనుకున్నాను. రెండోది వాన, ఆట. మూడోది కూడా మాదే. అదే వరుస. కళ్ళు నాలుగో ప్రశ్న మీదికి వెళ్ళాయి. మూడో జవాబులో, క్యూ ముందు, పాము గీత ఉంది. మిగతా పాము గీతలన్నీ సన్నగా ఉన్నాయి. ఇదొక్కటే లావుగా, ఒక పక్కకి కాస్త ఒరిగి, పక్క అక్షరాన్ని నెట్టుకుంటూ ఉంది.

ప్రొఫెసరూ లేడు, పుస్తకమూ లేదు. బాబాయి కూర్చింది ఈ కాగితాన్నే. ఆయన వేలు కోసుకున్న ముక్క ఇదే. నేను తప్పు పట్టింది ఈ పరీక్షలోనే.

మిగిలిన ఆరూ చదవాల్సిన పని లేదు. అయినా చదివాను. అన్నీ మావే. వదిలేశానని, చెయ్యి ఆడలేదని అబద్ధాలు రాయను. పదింటికీ గుర్తులు పెట్టాను, అయిదు నిమిషాలు కూడా పట్టలేదు. తల ఎత్తితే నిచ్చెన వీపు కనిపించింది. పెన్ను చివర కొరుకుతూ అదీ ఆ పేజీ దగ్గరే ఉంది. గంట కొట్టేదాకా అక్కడే ఉంది.

నేను ఇంటికి వచ్చేసరికి బాబాయి పంపు దగ్గర సిరా వదలగొట్టుకుంటున్నాడు. నన్ను చూడగానే సబ్బు చేతులతోనే లేచాడు.

"ఎలా రాశావు తల్లీ?"

"నాలుగో ప్రశ్నలో మీరు పెట్టిన పాము గీత లావుగా పడింది," అన్నాను.

పుట్టి బుద్ధెరిగాక ఆయన్ని మీరు అనడం అదే మొదలు. ఆయన చేతుల మీది నురగ కారి పాదాల మీద పడుతోంది. పంపు కట్టేయడం ఇద్దరికీ తోచలేదు.

ఆయన దేన్నీ కాదనలేదు. లోపలికి వచ్చి, గొంతు తగ్గించి చెప్పాడు. పరీక్ష పేపరు కంపోజింగు ఎప్పుడూ ఒక్కడికే ఇవ్వరట, తలా ఒక పేజీ పంచుతారట. ఈ ఏడు ఆయన వాటాకి వచ్చిన పేజీ లాజిక్. నాకు సున్నా వచ్చిందీ దాంట్లోనే.

"దేవుడే ఇచ్చాడనుకున్నాను. జవాబులు నేను చెప్పలేదు తల్లీ. నాకు తెలియవు కూడా. ప్రశ్నలు తెచ్చానంతే. చేసిందంతా నువ్వే."

"నాకు చెప్పలేదేం?"

"చెబితే నువ్వు చేస్తావా?"

మిషను మీద అమ్మ కుడుతోంది. ఆవిడకి అంతా వినిపించింది. లేచి వెళ్ళి వీధివైపు కిటికీ మూసి, మళ్ళీ వచ్చి కూర్చుని, ఆగిన చోటునుంచి కుట్టుకుంటూ పోయింది. నా బుర్ర గురించి కుట్టుగదిలో అంత చెప్పుకున్న మనిషికి, అది నిజమైనా కాకపోయినా తేడా లేదని అప్పుడు అర్థమైంది.

"నేను తేకపోయినా నీకు వచ్చేదే," అన్నాడు బాబాయి. బతిమాలుతున్నట్టు అన్నాడు.

ఆ మాటని ఎవరూ అబద్ధం అనలేరు. తేకపోవడమన్నది జరగలేదు కదా. జరగనిదాని మీద కట్టిన మాట ఎటు తిప్పినా నిజమేనని ఆయనకి నేర్పిందీ నేనే. అలాంటి నిజాన్ని నేనేం చేసుకోను?

"నాలుగో ప్రశ్న రోజున తెలిసింది కదా మీకు," అన్నాను. ఏడవకూడదనుకున్నాను గానీ ఆగలేదు. "మీరు కూర్చిన పేజీలో, ప్రూఫు చూసిన ఇద్దరూ పట్టుకోలేని తప్పు నేను పట్టుకున్నాను. నాకు వచ్చని మీ కళ్ళతో మీరే చూశారు. నా తల మీద చెయ్యి కూడా వేశారు. మరి ఐదోది ఎందుకు తెచ్చారు?"

ఆయన మడమలు రెండూ చేర్చి, బడిలో నిలబెట్టినట్టు నిలబడ్డాడు. "భయమేసింది," అన్నాడు.

అంతే. నన్ను నమ్మడానికి భయమేసింది. అమ్మ సరే, ఆవిడ ముందునుంచీ నమ్మలేదు, అందుకని నాకు బాధ లేదు. నమ్మినట్టు ఎదురుగా కూర్చుని, మొద్దులా నటించి, నవ్వించి, పొగిడి, లోపల మాత్రం నమ్మకుండా ఉన్నాడే, అది నా గుండెలో దిగబడింది. ఆ రోజు నుంచి ఆయన్ని మళ్ళీ నువ్వు అనలేదు. ఆయన టీ తాగి ముందుగదిలోకి రావడం మానేశాడు. ఫలితాలు రాకముందే అచ్చాఫీసు దగ్గర గది చూసుకున్నాడు. ఎందుకెళ్ళిపోయాడని ఎవరైనా అడిగితే నడక తగ్గుతుందని అమ్మ చెప్పేది.

ఫలితాలు వచ్చాయి. నాకు లాజిక్‌లో పదికి పది. సీట్లు పంచే రోజున బాబాయి వచ్చాడు, నేను రమ్మనలేదు. నా సర్టిఫికెట్ల ఫైలు ఒళ్ళో పెట్టుకుని, నాకు రెండు కుర్చీల అవతల కూర్చున్నాడు. ముందు ఒక్కొక్కరినీ పిలుస్తున్నారు. నా పేరు పిలిచారు. వెళ్ళి సంతకం పెట్టాను. నేను బల్ల దగ్గర ఉండగానే గుమాస్తా రిజిస్టరు మూసి, "ఇంతటితో సీట్లు అయిపోయాయి. మిగతావాళ్ళు వచ్చే ఏడు ప్రయత్నించండి," అన్నాడు.

నా తర్వాతి నంబరు నిచ్చెనది. మా ఇద్దరికీ తేడా రెండు మార్కులు.

అది వచ్చి నన్ను గట్టిగా పట్టుకుంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి గానీ మొహంలో అసూయ మచ్చుకి కూడా లేదు. నా చేతిలోంచి మార్కుల కాగితం లాక్కుని చూసింది.

"పదికి పదా! రాక్షసివే నువ్వు. నాకు మూడు." ఇంకా కిందికి చూసి, "మిగతా అన్నిట్లో నాదే పైచెయ్యి, చూశావా? ఈ లాజిక్కే నన్ను ముంచింది," అంది. తర్వాత గొంతు తగ్గించి అడిగింది. "నిజం చెప్పవే, నీకు ఎవరు చెప్పారు? ఈసారి నన్నూ ఆయన దగ్గరికి తీసుకెళ్ళు. నీకు పుణ్యముంటుంది."

బాబాయి తల ఎత్తాడు. నా వంకే చూస్తున్నాడు. ఆయన ఏమని ఆశించాడో నాకు తెలుసు. చెప్పింది మా బాబాయే అని నలుగురిలో ఒక్క ముక్కైనా అంటాననుకున్నాడు.

"ఎవరూ చెప్పలేదు," అన్నాను. "నేనే చదువుకున్నాను."

ఫైలుని కుర్చీలో పెట్టి, మంచినీళ్ళు తాగొస్తానని ఎవరికో చెప్పినట్టు చెప్పి, ఆయన బయటికి వెళ్ళిపోయాడు.

"అయితే నువ్వే నాకు చెప్పు," అంది నిచ్చెన.

"ఆదివారాలు రా," అన్నాను.

వచ్చింది. ఏడాది పొడుగునా ఒక్క ఆదివారం మానలేదు. దానికి ఎవరైనా ఎదురుగా కూర్చుని వాదిస్తే చాలు, ఇట్టే పట్టుకునేది. మరుసటి ఏడు నాకన్నా ఎంతో మంచి ర్యాంకుతో అదే కాలేజీలో చేరింది. ఇప్పటికీ కొత్తవాళ్ళు ఎవరు కనిపించినా నా భుజం మీద చెయ్యి వేసి, "నాకు లాజిక్ చెప్పింది ఇదిగో, ఇదే. దీని మేలు ఈ జన్మలో మరిచిపోను," అని పరిచయం చేస్తుంది. నేను నవ్వుతాను. ఆ ఎండాకాలమంతా బాబాయి కూడా నా ఎదురుగా అలాగే నవ్వుతూ కూర్చున్నాడు.